రెగ్గే, డబ్, డాన్స్‌హాల్: అన్నీ పుట్టింది ఆ స్పీకర్ల ముందే

జమైకా సంగీతం రెగ్గే అనగానే మనలో చాలామందికి ఒక్క మొహమే గుర్తొస్తుంది. టీషర్టుల మీద, కేఫ్ గోడల మీద, బైకు స్టిక్కర్ల మీద కనిపించే జడల జుట్టు బాబ్ మార్లే. ఆయన గొప్పతనం మీద నాకేం పేచీ లేదు. కానీ ఈ సంగీతాన్ని ఆయన దగ్గర మొదలుపెట్టినవాళ్లు డబ్ దగ్గరికి వచ్చేసరికి "ఇదేంటి, పాట మధ్యలో గొంతు మాయమైపోయింది" అనీ, డాన్స్‌హాల్ దగ్గరికి వచ్చేసరికి "ఇది అసలు రెగ్గేనే కాదు, ఎవడో కీబోర్డు పెట్టుకుని అరుస్తున్నాడు" అనీ ఆగిపోతారు. వాళ్ల తప్పేం లేదు, మార్లే మనదాకా వచ్చిన దారే అలాంటిది. 1973లో మార్లే ఉన్న వెయిలర్స్ బృందం చేసిన 'క్యాచ్ ఎ ఫైర్' టేపుల్ని ఐలాండ్ రికార్డ్స్ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్ లండన్‌కి తెప్పించి, రాక్ వినే కుర్రాళ్లకి ఎక్కేలా అమెరికన్ గిటారిస్టు వేన్ పెర్కిన్స్ చేత పైన గిటార్ వాయించి అతికించాడు. ఇంట్లో కూర్చుని, కవర్ చేత్తో పట్టుకుని, మొదట్నుంచి చివరిదాకా వినే ఆల్బమ్ అది. అదే ఏడాది జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో మామూలు మనిషి మాత్రం సంగీతం వినాలంటే రాత్రిపూట వీధిలోకి వెళ్లి బీరువాలంతేసి స్పీకర్ పెట్టెల ముందు నిలబడేవాడు.

ఆ పెట్టెల్ని, వాటిని నడిపే మనుషుల్ని, వాటి చుట్టూ తిరిగే వ్యాపారాన్ని కలిపి సౌండ్ సిస్టమ్ అంటారు. రెగ్గే, డబ్, డాన్స్‌హాల్ మూడూ మూడు వేర్వేరు సంగీతాలనుకోవడం దగ్గరే గందరగోళమంతా మొదలవుతుందని నా అభిప్రాయం. సౌండ్ సిస్టమ్‌కి ఒక్కో కాలంలో ఒక్కో అవసరం వచ్చింది, దాన్ని తీర్చడానికి ఒక్కో రకం సంగీతం తయారైంది. అందుకని పాటల్ని కాసేపు పక్కనపెట్టి ముందు ఆ పెట్టెల సంగతి చూద్దాం.

1940ల చివర, 50ల మొదట్లో కింగ్‌స్టన్ పేద వాడల్లో ఇంట్లో రేడియో ఉన్నవాళ్లు తక్కువ. బ్యాండు వాయించే హోటళ్లు, క్లబ్బులు వీళ్ల జేబుకి అందేవి కావు. ఆ ఖాళీలోకి కొందరు వ్యాపారులు దిగారు. ఒక ఆంప్లిఫయర్, ఒక టర్న్‌టేబుల్, నాలుగైదు పెద్ద పెట్టెలు తెచ్చి ఖాళీ స్థలంలో పెట్టడం, గేటు దగ్గర టికెట్ తీసుకోవడం, లోపల బీరు, రమ్ము, మేక కూర అమ్ముకోవడం. అందరికన్నా ముందు పేరు తెచ్చుకున్నవాడు టామ్ వాంగ్, చైనీస్ జమైకన్, హార్డ్‌వేర్ కొట్టు ఆయన, సౌండ్ పేరు 'టామ్ ది గ్రేట్ సెబాస్టియన్'. ఆయనకి ఆంప్లిఫయర్ కట్టిచ్చిన హెడ్లీ జోన్స్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో రాడార్ పని నేర్చుకుని వచ్చినవాడు. తర్వాత ఇద్దరు పెద్ద మొనగాళ్లు వచ్చారు. డ్యూక్ రీడ్ మాజీ పోలీసు, భార్యతో కలిసి మద్యం షాపు నడిపేవాడు, నడుముకి తుపాకీ లేనిదే బయటికి రాడు. కాక్సన్ డాడ్ అమెరికాకి వ్యవసాయ కూలీగా వెళ్లి వస్తూ అక్కడి నల్లవాళ్ల ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) రికార్డులు మోసుకొచ్చాడు. వీళ్లిద్దరికీ మూడో పోటీగా, ఒకప్పుడు కాక్సన్ దగ్గరే పనిచేసిన మాజీ బాక్సర్ ప్రిన్స్ బస్టర్.

మద్యం షాపు సంగతి ఊరికే చెప్పలేదు. జనం ఎంతసేపు నిలబడి ఆడితే అంత బీరు అమ్ముడవుతుంది, కాబట్టి పక్క వీధిలో మోగుతున్న సౌండ్ దగ్గర లేని పాట మన దగ్గర ఉండాలి. ఈ ఒక్క లెక్క ఆ దేశపు సంగీతాన్నంతా నడిపించింది. అమెరికా నుంచి తెచ్చిన రికార్డు మీద లేబుల్ గీకేసేవాళ్లు, పాట పేరు, పాడినవాడి పేరు పోటీవాడికి తెలియకూడదని. విల్లిస్ జాక్సన్ అనే శాక్సఫోన్ వాద్యకారుడి రికార్డు ఒకటి కాక్సన్ చేతిలో పడితే దానికి 'కాక్సన్ హాప్' అని సొంత పేరు తగిలించి వాయించుకున్నాడు. అసలు పేరు కోసం డ్యూక్ రీడ్ ఎక్కడెక్కడో వెతికించి, చివరికి దొరకబుచ్చుకుని, కాక్సన్ వింటుండగానే వేశాడు.

ఆ తర్వాత సరుకు ఆగిపోయింది. 50ల చివరికి అమెరికాలో రాక్ అండ్ రోల్ ఊపందుకుంది, కింగ్‌స్టన్ జనానికి కావలసిన ఆ పాత బరువైన ఆర్ అండ్ బి రావడం తగ్గింది. మరి సౌండ్ నడవాలి కదా! అప్పుడు వీళ్లే స్థానిక వాద్యకారుల్ని స్టూడియోకి తీసుకెళ్లి సొంతంగా రికార్డు చేయించడం మొదలుపెట్టారు, మొదట్లో అమ్మడానికి కూడా కాదు, తమ డాన్సులో వేసుకోవడానికి. జనం ఎగిరితే అప్పుడు అచ్చు వేసి అమ్మేవాళ్లు. బయటి ప్రపంచంలో రికార్డు వచ్చాక దాన్ని డాన్సులో వేస్తారు. ఇక్కడ డాన్సు కోసం రికార్డు పుట్టింది. 1962 ఆగస్టు 6న దేశానికి స్వాతంత్ర్యం వచ్చే నాటికి స్కా అనే వేగమైన స్థానిక సంగీతం ఊపు మీద ఉంది, 1963లో కాక్సన్ బ్రెంట్‌ఫోర్డ్ రోడ్డు మీద స్టూడియో వన్ తెరిచాడు, 1966కి వేగం తగ్గి రాక్‌స్టెడీ అయింది, 1968కి రెగ్గే. పేర్లు మారడం కన్నా ఒక సంగతి గమనించాలి: ఒక్కో మెట్టు దిగేకొద్దీ బేస్ గిటార్‌కి చోటు పెరుగుతూ వచ్చింది. రెగ్గేలో 'వన్ డ్రాప్' అనే తాళంలో నాలుగు మాత్రల్లో మొదటిది ఖాళీగా వదిలేస్తారు, పెద్ద డ్రమ్ము దెబ్బ మూడో దాని మీద పడుతుంది, గిటార్ మాత్రల మధ్య ఎడం మీద చిన్నగా కొడుతుంది. ఆ ఖాళీల్లో అసలు కథ నడిపేది బేస్. ఎందుకంటే పద్దెనిమిది అంగుళాల స్పీకర్ల ముందు నిలబడ్డ మనిషికి పాట మొదట తగిలేది ఛాతీకి, చెవికి తర్వాత.

ఇక డీజే. మన ఊళ్లలో "డీజే పెట్టారు" అంటే లారీ మీద స్పీకర్లు పెట్టారని. మిగతా ప్రపంచంలో డీజే అంటే రికార్డులు వేసేవాడు. జమైకాలో ఈ రెండూ కావు, అక్కడ డీజే అంటే మైకు పట్టుకున్నవాడు. రికార్డులు ఎంచి వేసేవాణ్ణి సెలెక్టర్ అంటారు. ఈ ఒక్కటి తెలియకపోతే జమైకా సంగీతం గురించి ఏ వ్యాసం చదివినా తలా తోకా దొరకదు, "ఫలానా గొప్ప డీజే ఆల్బమ్" అని రాసి ఉంటే రీమిక్స్ అనుకుంటాం, తీరా చూస్తే అందులో ఒకడు ఏకబిగిన మాట్లాడుతుంటాడు.

ఈ ఏర్పాటుకి కారణం చాలా మామూలుది. ఉన్నది ఒకే టర్న్‌టేబుల్. ఒక పాట అయిపోయి ఇంకో డిస్కు పెట్టేలోపు నిశ్శబ్దం వస్తుంది, నిశ్శబ్దం వస్తే జనం గేటు వైపు చూస్తారు. ఆ సందు పూడ్చడానికి మైకు మీద ఒక మాటకారి కావాలి. అమెరికన్ రేడియోలో వినపడే జాకీల వరసని అనుకరిస్తూ కౌంట్ మచూకీ అనే ఆయన కాక్సన్ సౌండ్ మీద ఈ పని మొదలుపెట్టాడు. క్రమంగా పాటల మధ్య మాట్లాడేది కాస్తా పాట మీదే మాట్లాడటం అయింది. దీన్ని పూర్తి కళగా నిలబెట్టినవాడు యూ-రాయ్. 1970లో డ్యూక్ రీడ్ తన పాత రాక్‌స్టెడీ టేపుల్ని ఆయన ముందు పెట్టి మాట్లాడమన్నాడు. వచ్చిన మూడు రికార్డులూ ఒకేసారి జమైకా చార్టులో మొదటి మూడు స్థానాల్లో కూర్చున్నాయి. న్యూయార్క్‌లో రాప్ సంగీతం ఇంకా పుట్టని రోజులవి.

అయితే యూ-రాయ్ మాట్లాడాలంటే అసలు గాయకుడు నోరు మూయాలి. అది ముందే జరిగిపోయింది, అదీ పొరపాటున. స్పానిష్ టౌన్‌లో రడీ రెడ్‌వుడ్ అనే సౌండ్ యజమాని ఉండేవాడు. 60ల చివర్లో ఒకరోజు డ్యూక్ రీడ్ స్టూడియోలో పారగాన్స్ అనే గాయక బృందం పాట ఒకటి డిస్కుకి ఎక్కించుకుంటుంటే ఇంజనీర్ గొంతు ఉన్న ట్రాక్ తెరవడం మర్చిపోయాడు. పారేయాల్సిన ఆ డిస్కుని రెడ్‌వుడ్ అడిగి మరీ తీసుకెళ్లి రాత్రి డాన్సులో వేశాడు. ముందు మామూలు పాట, వెంటనే గొంతు లేనిది. జనం తామే పాడటం మొదలుపెట్టారు. డిస్కు అరిగేదాకా మళ్లీ మళ్లీ వేయించుకున్నారట. అప్పటి నుంచి సింగిల్ రికార్డు రెండో వైపున గొంతు తీసేసిన 'వెర్షన్' వేయడం ఆనవాయితీ అయింది. నిర్మాతలకి ఇందులో ఇంకో సుఖం కూడా కనిపించింది లెండి, రెండో వైపు కోసం ఇంకో పాటకి, ఇంకో గాయకుడికి డబ్బులు ఇవ్వక్కర్లేదు.

ఆ వెర్షన్‌ని డబ్‌గా మార్చినవాడు కింగ్ టబ్బీ. అసలు పేరు ఆస్‌బర్న్ రడ్డాక్. వాద్యకారుడు కాదు, పాటగాడు కాదు, రేడియోలు బాగుచేసే ఎలక్ట్రీషియన్. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాడు, ఆంప్లిఫయర్లు కట్టేవాడు, డ్యూక్ రీడ్ దగ్గర డిస్కులు కోసే (పాటని డిస్కు మీద గాడులుగా చెక్కే) పని చేశాడు, 'హోమ్ టౌన్ హై-ఫై' అని సొంత సౌండ్ నడిపాడు. దాని మీద డీజే ఎవరో కాదు, ఆ యూ-రాయే. 70ల మొదట్లో డైనమిక్ స్టూడియో వాళ్లు వదిలించుకున్న నాలుగు ట్రాకుల ఎమ్‌సిఐ మిక్సర్ కొని, వాటర్‌హౌస్ పేటలో ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టాడు. బ్యాండు మొత్తం పట్టే చోటు అక్కడ లేదు. అందుకే వేరే స్టూడియోల్లో రికార్డయిన టేపుల్ని బన్నీ లీ లాంటి నిర్మాతలు తెచ్చిస్తే, గొంతు ఎక్కించడం, మిక్స్ చేయడం, అంతే అక్కడ జరిగే పని. ఇది లోటులా కనిపిస్తుంది కానీ డబ్ పుట్టడానికి కారణం ఇదే. చేతిలో వాద్యకారులు లేరు, ఉన్నది పూర్తయిపోయిన టేపు ఒక్కటే, కాబట్టి తీసేయడం ద్వారానే కొత్తది చేయాలి.

అది ఎలా పనిచేస్తుందంటే: టేపు మీద నాలుగు ట్రాకులు ఉంటాయి, డ్రమ్ము-బేస్ ఒక పక్క, గిటార్-కీబోర్డు ఒక పక్క, గొంతు, ఇత్తడి వాయిద్యాలు లాంటివి మిగతా వాటిలో. టేపు తిరుగుతుంటే టబ్బీ ఫేడర్ల మీద, అంటే ఒక్కో ట్రాకు చప్పుడు పెంచి తగ్గించే మీటల మీద, వేళ్లు పెట్టి కూర్చుంటాడు. గిటార్‌ని లాగేస్తాడు, అంతా పోయి డ్రమ్ము, బేస్ మాత్రం మిగులుతాయి. గొంతుని ఒక్క మాట వరకు తెరిచి మూసేస్తాడు, ఆ ఒక్క మాటని టేపు డిలేలోకి పంపితే అది తన తోకని తానే పట్టుకుని దూరమైపోతూ పదిసార్లు వినపడుతుంది. ప్రతిధ్వని కోసం వాడే స్ప్రింగ్ రీవెర్బ్ పెట్టెని చేత్తో కొడితే లోపల స్ప్రింగులు అదిరి ఉరుము చప్పుడు. ఆ మిక్సర్ మీద ఒక పెద్ద నాబ్ ఉండేది, హై-పాస్ ఫిల్టర్ది, తిప్పుతుంటే కింది స్వరాలన్నీ మెట్లు మెట్లుగా తెగిపోయి డ్రమ్ము సన్నటి రేకు చప్పుడులా పైకి పాకుతుంది. ఇదంతా కంప్యూటర్లో దిద్దుకున్నది కాదు. టేపు మొదలై ముగిసేలోపు ఒకే ఊపులో జరగాలి, నచ్చకపోతే మళ్లీ మొదట్నుంచి, అందుకే ఒకే పాటకి టబ్బీ చేసిన రెండు డబ్‌లు ఒకేలా ఉండవు. మిక్సర్‌ని వాయిద్యంలా వాయించడం అంటే ఇదే. ఈ రోజు ఎలక్ట్రానిక్ సంగీతంలో నిర్మాత పేరే ముందు చెప్పుకునే పద్ధతికి ఈ రేడియో మెకానిక్కే మూలపురుషుడని అంటే అతిశయోక్తి కాదు. 1989 ఫిబ్రవరిలో ఆయన్ని సొంత ఇంటి ముందే ఎవరో కాల్చి చంపారు.

లీ 'స్క్రాచ్' పెర్రీ దారి వేరు. తన బ్లాక్ ఆర్క్ స్టూడియోలో ఆయన పొరల మీద పొరలు పేర్చి, ఆవు అరుపులు, పిల్లల ఏడుపులు, ఏది దొరికితే అది కలిపి మసక మసకగా ఒక అడవి కట్టేవాడు. టబ్బీవి గీత గీసినట్టు శుభ్రంగా ఉంటాయి. ఎవరు గొప్ప అని వాదించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను టబ్బీ పక్షం.

ఇంతవరకూ చదివినవాళ్లకి ఒక అనుమానం వచ్చి ఉండాలి: గాయకుడి పాట అదే సంగీతం మీద, డీజే మాటలు అదే సంగీతం మీద, డబ్ కూడా దాని మీదే అయితే, అసలు ఆ సంగీతం ఎవరిది? దాన్ని రిడిమ్ అంటారు. మన జానపదంలో ఒకే బాణీకి ఊరికో రకంగా కొత్త మాటలు కట్టుకుంటారు కదా, అక్కడ దానికి తలకిందులు. బాణీ, మాటలు రెండూ కొత్తవే, కింద ఉన్న డ్రమ్ము-బేస్ మాత్రం పాతది. 1967లో స్టూడియో వన్ వాద్యకారులు వాయించిన 'రియల్ రాక్', 1973లో విన్‌స్టన్ రైలీ చేయించిన 'స్టాలాగ్' లాంటి రిడిమ్‌ల మీద వచ్చిన పాటలు వందల కొద్దీ ఉన్నాయి, ఇప్పటికీ వస్తున్నాయి. సెలెక్టర్‌కి ఇది వరం. ఒకే రిడిమ్ మీద ఉన్న పది పాటల్ని వరసగా వేస్తుంటే కింద నేల కదలకుండా పైన మనుషులు మారుతున్నట్టు ఉంటుంది, ఆడేవాడి అడుగు ఎక్కడా తెగదు.

దీన్ని చాలామంది "అందరి ఉమ్మడి సొత్తు, ఎంత గొప్ప సంస్కృతో" అని మురిసిపోతూ రాస్తుంటారు. నాకు అక్కడే చిరాకు. ఉమ్మడి అన్నది వాయించినవాళ్లకి, పాడినవాళ్లకి మాత్రమే, డబ్బు దగ్గరికి వచ్చేసరికి టేపు ఎవడి చేతిలో ఉంటే వాడిదే. వాద్యకారుడికి ఆ రోజు కూలీ ఇచ్చి పంపేవాళ్లు, ఆ బేస్ ముక్క యాభై ఏళ్లు ప్రపంచమంతా తిరిగినా మళ్లీ పైసా రాదు. జమైకాకి సొంత కాపీరైట్ చట్టం 1993లో గానీ రాలేదు. 1982లో సిస్టర్ నాన్సీ స్టాలాగ్ రిడిమ్ మీద పాడిన 'బామ్ బామ్' సంగతే చూడండి. సినిమాల్లో, హిప్‌హాప్‌లో, ప్రకటనల్లో, ఎక్కడ పడితే అక్కడ అది వాడారు. ఆవిడేమో అమెరికా వెళ్లి న్యూజెర్సీలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ బతికారు. ముప్ఫై ఏళ్లు దాటాక టీవీలో ఒక బూట్ల ప్రకటనలో తన గొంతు విని లాయర్‌ని పెట్టుకున్నాక గానీ హక్కుల్లో కొంత వాటా చేతికి రాలేదు.

తర్వాత అదే గొడవ పెద్ద కోర్టుకి ఎక్కింది. స్టీలీ అండ్ క్లీవీ అనే జంట 1989లో 'ఫిష్ మార్కెట్' అని ఒక రిడిమ్ చేసింది. దాని దరువు నుంచే 'డెమ్ బో' తాళం, ఆ తాళం నుంచి రెగెటోన్ అనే స్పానిష్ సంగీత సామ్రాజ్యం లేచింది. 2021లో వాళ్ల తరఫున కాలిఫోర్నియాలో కేసు వేశారు, అది పెరిగి పెరిగి బ్యాడ్ బన్నీ, డాడీ యాంకీ లాంటి వాళ్లతో సహా వందమందికి పైగా కళాకారులు, దాదాపు 1,800 పాటల దాకా వెళ్లింది. ఒక దరువుని సొంతం అనగలమా? అంటే రేపు ఎవడూ ఏ తాళమూ వాడలేడు. అనలేమంటే, ఆ దరువు కట్టినవాడు చేతులు నలుపుకుంటూ కూర్చోవాలి, దాని మీద కోట్లు మాత్రం వేరేవాళ్లవి. పైగా జమైకా సంగీతమంతా ఒకరి రిడిమ్ ఒకరు తీసుకుని పెరిగిందే కదా అని అవతలి వాళ్లు అడుగుతారు. అది నిజమే. అయితే కింగ్‌స్టన్‌లో తీసుకున్నవాడూ ఇచ్చినవాడూ ఒకే వీధి వాళ్లు. ఇక్కడ అలా కాదు.

డాన్స్‌హాల్ దగ్గరికి వద్దాం. పేరులోనే ఉంది, అది ఒక చోటు, తర్వాతే ఒక సంగీతం. 70లలో జమైకా రాజకీయం రక్తం కక్కింది. మైకేల్ మాన్లీ పార్టీకి ఒక పేట, ఎడ్వర్డ్ సీగా పార్టీకి ఒక పేట, మధ్యలో తుపాకులు. (సీగా ఒకప్పుడు రికార్డుల నిర్మాత, స్టూడియో యజమాని, తర్వాత ప్రధాని. అలాంటి దేశం అది.) 1978 ఏప్రిల్‌లో మార్లే ఆ ఇద్దరి చేతులూ వేదిక మీద కలిపించాడు, ఫొటో బాగా వచ్చింది, చావులు ఆగలేదు. 1980 ఎన్నికల ఏడాదిలో ఎనిమిది వందల మందికి పైగా పోయారు. ఆ తర్వాత జనానికి ఆఫ్రికా, బాబిలోన్ (పాటల్లో అణచివేసే వ్యవస్థకి పేరు), విమోచన అని వినే ఓపిక తగ్గింది. విదేశాలకి ఆల్బమ్‌లు పంపే రూట్స్ రెగ్గే ఒక దారిన పోయింది, ఇంటి దగ్గర జనం మళ్లీ డాన్సుకి వెళ్లారు. అక్కడ మైకు మీద ఉన్నది ఎల్లోమ్యాన్. అల్బినోగా పుట్టి, అనాథగా పెరిగి, అందరి ఎగతాళికీ గురైనవాడు, ఆ ఎగతాళినే పెట్టుబడిగా పెట్టి "నా అంత అందగాడు లేడు" అని పాడి దేశాన్ని గెలిచాడు. బూతు కూడా బాగానే ఉండేది. దాన్ని అక్కడ 'స్లాక్‌నెస్' అంటారు.

ఇదంతా ఇంకా పాత రిడిమ్‌ల మీదే, మనుషులు వాయించిన సంగీతం మీదే నడిచింది. 1985లో అదీ మారింది. నోయెల్ డేవీ అనే కుర్రాడి చేతిలో కాసియో ఎమ్‌టీ-40 అని చిన్న కీబోర్డు ఉంది, పిల్లలు ఇంట్లో నేర్చుకునే రకం. అందులో 'రాక్' అనే బటన్ నొక్కితే దానంతటదే ఒక బేస్, దరువు వాయిస్తుంది. డేవీ, గాయకుడు వేన్ స్మిత్ దాన్ని పట్టుకుని టబ్బీ శిష్యుడు జామీ దగ్గరికి వెళ్లారు, జామీ వేగం తగ్గించి 'స్లెంగ్ టెంగ్' అనే రిడిమ్ చేశాడు. ఫిబ్రవరి 23న వాల్తమ్ పార్క్ రోడ్డులో బ్లాక్ స్కార్పియో సౌండ్‌తో పోటీలో దాన్ని మొదటిసారి వదిలితే అవతలి పక్షం తేరుకోలేకపోయింది. తర్వాత కొన్ని నెలలు కింగ్‌స్టన్‌లో ప్రతి నిర్మాతకీ ఒక కంప్యూటర్ రిడిమ్ కావాలి. బ్యాండు ఖర్చు పోయింది, దాంతోపాటు చాలామంది వాద్యకారుల ఉపాధీ పోయింది. ఇందులో నాకు బాగా నచ్చే ముక్క వేరే ఉంది: ఆ బటన్ వెనక దరువు కట్టింది ఒకుడా హిరోకో అనే అమ్మాయి, కాసియోలో అప్పుడే చేరిన ఉద్యోగి, సంగీత కళాశాలలో ఆమె రాసిన సిద్ధాంత వ్యాసం రెగ్గే మీద. జమైకా నుంచి టోక్యోకి వెళ్లిన సంగీతమే ప్లాస్టిక్ డబ్బాలో తిరిగి ఇంటికొచ్చిందన్నమాట.

పోటీ అన్నాను కదా, దాన్ని క్లాష్ అంటారు. రెండు మూడు సౌండ్లు ఒకే చోట, వంతులు వేసుకుని వాయించుకుంటాయి, తీర్పు జనానిది. నచ్చితే విజిళ్లు, కేకలు, రేకు కంచె మీద బాదడం. అప్పుడు సెలెక్టర్ పాటని మధ్యలోనే ఆపి వెనక్కి తిప్పి మళ్లీ మొదట్నుంచి వేస్తాడు. కొత్తవాళ్లకి "పాట పూర్తిగా వేయడేంటి" అని చిరాకొస్తుంది, కానీ అక్కడ పాటని ఆపడమే దానికి సన్మానం. క్లాష్‌లో అసలు ఆయుధం డబ్‌ప్లేట్. అల్యూమినియం పళ్లెం మీద లక్క లాంటి పూత పూసి, ఒక్కటంటే ఒక్కటే కోసిన డిస్కు. కొన్ని పదుల సార్లు వేస్తే అరిగిపోతుంది. పేరున్న గాయకుడికి డబ్బిచ్చి, అతని హిట్ పాటనే మాటలు మార్చి, మన సౌండ్ పేరు పెట్టి పొగిడి, అవతలివాణ్ణి తిట్టి మళ్లీ పాడించుకోవాలి. లేబుల్ గీకేసిన కాలం నాటి లెక్కే ఇది, నా దగ్గర ఉన్నది నీ దగ్గర ఉండకూడదు. ఇప్పుడు పళ్లెం పోయి ఫైల్ వచ్చింది, లెక్క మారలేదు. 1999లో న్యూయార్క్‌లో జరిగిన వరల్డ్ క్లాష్‌ని యోకొహామా నుంచి వచ్చిన మైటీ క్రౌన్ అనే జపాన్ సౌండ్ గెలుచుకుంది. జమైకన్లతో నిండిన హాల్లో, వాళ్ల యాసలో మాట్లాడి, వాళ్ల మెప్పు పొంది గెలిచారు.

మెచ్చుకోలేనివి కూడా ఉన్నాయి, వాటిని దాటేస్తే అబద్ధం చెప్పినట్టే. 90ల డాన్స్‌హాల్‌లో స్వలింగ సంపర్కుల్ని చంపమని పాడిన పాటలు తక్కువేం లేవు. 1992లో బయటికొచ్చిన అలాంటి ఒక పాట డాన్స్‌హాల్ గాయకుడు బూజూ బాంటన్‌ని పాతికేళ్లకి పైగా వెంటాడింది, విదేశాల్లో కచేరీలు రద్దయ్యాయి, చివరికి 2019లో ఆయనే దాన్ని తన జాబితాలోంచి తీసేశాడు. "అది మా సంస్కృతి, బయటివాళ్లకేం తెలుసు" అనే సమర్థనని నేను ఒప్పుకోను. ఎవరైనా ఒకర్ని చంపమంటే ఏ భాషలోనైనా దాని అర్థం అదే. కళాకారుల మధ్య పాటల గొడవలు వీధిలోకి దిగడం కూడా ఉంది. వైబ్జ్ కార్టెల్‌కి 2014లో హత్య కేసులో జీవిత ఖైదు పడింది, లోపల ఉండగానే పాటలు బయటికి వస్తూనే ఉన్నాయి, జ్యూరీలో అక్రమం జరిగిందని 2024లో జమైకాకి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ శిక్ష కొట్టేసింది, ఆ జూలైలో విడుదలయ్యాడు.

ఇక చప్పుడు. 1997లో జమైకా ఒక శబ్ద నియంత్రణ చట్టం తెచ్చింది, వారాంతాల్లో కూడా రాత్రి రెండింటికల్లా ఆపేయాలి. నిద్ర పట్టనివాళ్ల బాధ నిజమే. కానీ కింగ్‌స్టన్‌లో వీధి డాన్సు మీదికి పోలీసులు వచ్చినంత తేలిగ్గా పెద్దవాళ్ల పార్టీల మీదికి రారన్నది అక్కడివాళ్ల పాత ఫిర్యాదు. 2018లో యునెస్కో జమైకా రెగ్గేని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వారసత్వాన్ని కన్న వీధి డాన్సుకి మాత్రం ఇప్పటికీ పర్మిట్ కాగితం చూపించాలి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించినప్పుడు మన దగ్గర జరిగిన వాదన వినుంటే, అక్కడి వాదన కొత్తగా అనిపించదు. తేడా ఏంటంటే మన లారీ మీది డీజే ఎంత గట్టిగా మోగితే అంత గొప్ప. మంచి జమైకన్ సౌండ్‌లో బేస్, మధ్య, పై స్వరాలకి వేర్వేరు పెట్టెలు, వేర్వేరు ఆంప్లిఫయర్లు, మధ్యలో వాటిని విడదీసే ప్రీయాంప్, వాటి కొలతలు తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే రహస్యాలు. పక్కన నిలబడి మాట్లాడుకోవచ్చు, ఒళ్లు మాత్రం అదురుతుంటుంది.

ఈ పద్ధతి వలస వెళ్లినవాళ్లతో ఊరూరా పాకింది. 1967లో పన్నెండేళ్లప్పుడు కింగ్‌స్టన్ వదిలి న్యూయార్క్ బ్రాంక్స్ చేరిన క్లైవ్ క్యాంబెల్ 1973 ఆగస్టు 11న చెల్లెలి పార్టీకి పెద్ద పెట్టెలు తెచ్చాడు. డీజే కూల్ హెర్క్ అంటే ఆయనే, హిప్‌హాప్ పుట్టినరోజని జనం చెప్పుకునేది ఆ రాత్రినే. లండన్‌లో నల్లవాళ్లని క్లబ్బుల్లోకి రానివ్వని రోజుల్లో ఇళ్ల బేస్‌మెంట్లలోకి సౌండ్లు వచ్చాయి, జా షాకా లాంటివాడు రాత్రంతా ఒక్కడే డబ్ వాయించేవాడు, తర్వాత వచ్చిన జంగిల్, డబ్‌స్టెప్ లాంటి ఎలక్ట్రానిక్ సంగీతాలన్నీ ఆ బేస్‌మెంట్ల మనవలే.

మనకి ఉన్న చుట్టరికం కాస్త వంకరగా ఉంటుంది. 1845 నుంచి బ్రిటిష్ వాళ్లు భారతీయ కూలీల్ని ఓడల్లో జమైకా చెరకు తోటలకి తరలించారు, గంజాయి మొక్కా దాని పేరూ వాళ్లతోనే దిగాయి, తర్వాత రాస్తఫారీ మతస్తుల చేతికెళ్లి పూజా ద్రవ్యమైంది. బర్మింగ్‌హామ్ పంజాబీ కుర్రాడు అపాచీ ఇండియన్ 1993లో డాన్స్‌హాల్‌తో ప్రపంచానికి తెలిశాడు, 1996లో రెహమాన్ సంగీతం ఇచ్చిన 'లవ్ బర్డ్స్' సినిమాకి వచ్చి పాడాడు. మన తరం వాళ్లు చాలామంది జమైకా డీజే వరస మొదటిసారి విన్నది అక్కడే, అది డాన్స్‌హాల్ అని తెలియకుండానే. 2009లో ఢిల్లీలో రెగ్గే రాజాస్ మొదలయ్యారు, 2016లో గోవాలో సన్‌స్ప్లాష్ అనే రెగ్గే పండగ మొదలైంది.

వినాలనుకుంటే ఫోన్ స్పీకర్ మీద మాత్రం వద్దు, అందులో బేస్ అసలు రాదు, అంటే పాటలో సగం రాదు. మంచి హెడ్‌ఫోన్లో, కాస్త బరువున్న స్పీకర్లో పెట్టుకుని, ముందు పారగాన్స్ పాడిన 'వేర్ యూ టు ది బాల్' వినండి, వెంటనే అదే పాట మీద యూ-రాయ్ మాట్లాడిన రికార్డు వినండి. తర్వాత జేకబ్ మిల్లర్ 'బేబీ ఐ లవ్ యూ సో', దాని వెనకే టబ్బీ నిర్మాత అగస్టస్ పాబ్లో కోసం దాన్ని కోసి చేసిన 'కింగ్ టబ్బీ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్'. గొంతు ఎక్కడ తెగిందో, ఏ మాట మిగిలిందో చూసుకుంటూ వింటే డబ్ గురించి ఇంకెవరూ విడిగా చెప్పక్కర్లేదు. స్లెంగ్ టెంగ్ మాత్రం ఆఖర్న పెట్టుకోండి, మొదట వింటే వీడియో గేమ్ అనుకుంటారు.